ఎడమకాలి మేజోడు

నురగ డబ్బాను చెవి దగ్గర ఊపి చూసింది ఉయ్యాల టీచర్. ఇంకా ఇద్దరు పిల్లలకు సరిపోతుంది. ఇసుక ట్రేలో నిన్నటి పిల్లవాడు ఉమ్మిన చోట ఉండకట్టిన ఇసుకను ఏరి పారేసింది. మెత్తని బ్రష్షు ఒక పక్క, గరుకుది ఒక పక్క పెట్టింది. ఇత్తడి గంటను మోగకుండా నాలుక పట్టుకుని తెచ్చి బల్లమీద బోర్లించింది. ఆఖరున ఉయ్యాల తాళ్ళు రెండు చేతులా పట్టుకుని, తన బరువంతా వేలాడేసి కొక్కెం గట్టిగా ఉందో లేదో చూసింది.

బడి ఈడు రాని పిల్లలకు ఏ చప్పుడు పడదు, ఏ తాకిడి గుచ్చుకుంటుంది, ఎంత ఊగితే భయం పుడుతుంది, ఇవన్నీ చూసి రాసివ్వడం ఆమె పని. ఆ రాతను బట్టి కొందరు నేరుగా బడికి పోతారు, కొందరు ముందు ఇక్కడే నెమ్మదిగా అలవాటు పడతారు. గదిలో ఉయ్యాల ఉంది కాబట్టి ఆమె ఉయ్యాల టీచర్. అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు.

యాభై దాటిన మనిషి. జుట్టు చెవుల మీదికి దువ్వుకుంటుంది. ఇంటిదగ్గర ఆ జుట్టు కింద రెండు చెవుల్లోనూ దూది ఉంటుంది. తమ్ముడి టీవీ, మరదలి మిక్సీ, పై అంతస్తులో కుర్చీలు ఈడ్చే చప్పుడు, అన్నీ ఆమెకు చిగుళ్ళలో సూదుల్లా దిగుతాయి. ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పుడు అమ్మ జడ బిగించి అల్లుతుంటే చెల్లెలు ఇల్లెగిరిపోయేలా అరిచేది. ఈమె గోడవంక చూస్తూ కూర్చునేది. “మా పెద్దది మంచి పిల్ల” అనేది అమ్మ. కుదిరిన పెళ్ళి తప్పిపోయిన రోజు కూడా ఏడవలేదని మంచిపేరే వచ్చింది. ఆ పేరు తప్ప మరొకటి రాలేదు.

నిన్న ఒక తల్లి ఆమె మీద విరుచుకుపడింది. బాబును బడికి కొన్నాళ్ళు ఆపమన్నందుకు కుర్చీ వెనక్కి తోసి లేచింది. “కని పెంచినదానివా నువ్వు? నీకేం తెలుసు?”

“పోనీలే టీచరమ్మా, ఆవిడ కడుపుమంట ఆవిడది” అంది ఆయా, నేల తుడుస్తూ. “నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నీకసలు నోరే లేదు, ఊరు ఇంకెలా ఉంటుంది చెప్పు?”

టీచర్ నవ్వింది. రాత్రి నిద్ర పట్టలేదని చెప్పలేదు.

నాలుగేళ్ళ పిల్లను చేయి పట్టుకుని నాయనమ్మ తీసుకొచ్చింది. వెనకే తండ్రి, కళ్ళు ఫోనులో. వాళ్ళు చేర్పించబోయే బడిలో హాలునిండా పిల్లలు, గోడకు మైకు, మాటిమాటికీ గంట. చూడడానికి వెళ్ళిన రోజు గంట కొట్టగానే పిల్ల బెంచీ కింద దూరి అరిచిందట. బాగుందని ఇక్కడ రాయించుకొస్తేనే సీటన్నారు.

మొదట పాదాలు చూడాలి. ఈ పనిలో కొత్తగా చేరిన అమ్మాయిలకు ఆమె చెప్పే మొదటి మాట అదే. ముఖానికి పెద్దవాళ్ళు నేర్పగలరు, కాలివేళ్ళకు ఎవరూ నేర్పలేరు.

“సాక్సులు తీద్దామమ్మా.”

“వద్దు తల్లీ, జలుబు చేసింది. బూట్లు విప్పుతాలే, సాక్సులు ఉండనీ.”

పెద్దావిడ. ఎదురు చెప్పలేకపోయింది టీచర్.

పిల్ల నురగలో చేయి పెట్టమంటే పెట్టింది. గరుకు బ్రష్షు మోచేతిదాకా నడిచినా చేయి లాక్కోలేదు. ఉయ్యాలలో కొయ్యబొమ్మలా కూర్చుంది. రంగు బంతులు నింపిన తొట్టిలో నడుందాకా కూర్చోబెట్టి వెనకనుంచి గంట కొడితే తల తిప్పలేదు, రెప్ప వేయలేదు. గోడవంక చూస్తూ ఉంది.

“చూశారా మేడమ్, బంగారంలా ఉంది. ఆ బడివాళ్ళే యాగీ చేశారు” అన్నాడు తండ్రి.

“రాత్రంతా చెప్పాను” అంది నాయనమ్మ. “వాళ్ళమ్మ కాన్పుకని ఆస్పత్రిలో ఉంది. కదలకుండా, ఏడవకుండా ఉంటేనే అమ్మ దగ్గరికి తీసుకెళ్తానన్నా. విన్నది, నా తల్లే.”

టీచర్ చేతిలో పెన్ను ఆగింది. నాయనమ్మ ఆ చేతిమీద తన చేయి వేసింది. “మంచిమాట రాయమ్మా. నీ కడుపు చల్లగుండ.”

ఆ దీవెన ఆమెకు ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వవలసిన అవసరమూ ఎవరికీ రాలేదు. అన్నిటికీ ప్రశాంతంగా ఉంది, బడిలో చేర్చవచ్చు అని రాసి సంతకం చేసింది. పిల్ల బుగ్గ తట్టి, “మంచి పిల్లవి” అంది. పిల్ల ఇంకా గోడనే చూస్తోంది. నాయనమ్మ గబగబా తొట్టిలోకి వంగి, పిల్లను ఎత్తి, కాళ్ళకు బూట్లు తగిలించి, కొంగు కప్పి చంకనేసుకుంది. తండ్రి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళిపోయారు.

సాయంత్రం బంతులు ఖాళీ చేస్తూ ఆయా ముక్కు మూసుకుంది. “టీచరమ్మా! ఎవరో తొట్టిలోనే ఒంటేలు కానిచ్చేశారు. ఇదిగో, సాక్సు కూడా వదిలేశారు.”

ఎడమకాలిది. తడిసి బరువుగా ఉంది. వేళ్ళు బిగబట్టిన దగ్గర గట్టిగా పిండిన గుడ్డలా ముడుతలు పడి ఉంది. గంట మోగినప్పుడే అయి ఉంటుంది. టీచర్ దాన్ని చేతిలో పట్టుకునే తండ్రికి ఫోన్ చేసింది.

“చేర్పించేసి వచ్చాం మేడమ్. రేపట్నుంచే బడి. ఏమైంది?”

“అదే... పాపను ఇంకోసారి చూడాలండీ.”

“ఇంకోసారా? మీరే కదా రాసిచ్చారు!”

ఆమె నోరు తెరిచింది. అవతల నాయనమ్మ గొంతు, “ఎవర్రా?”

“ఉయ్యాల టీచర్, అమ్మా. ఆ కనపడని సాక్సు అక్కడే మర్చిపోయినట్టున్నావు” అని తల్లికి చెప్పి, ఫోనులోకి అడిగాడు. “సాక్సు సంగతేనా మేడమ్?”

వెనక టీవీ మోగుతోంది. దాని కింద పిల్ల ఏడుపేమైనా వినిపిస్తుందేమోనని చెవి ఒత్తిపట్టి విన్నది. ఏమీ లేదు.

“అవునండీ” అంది ఉయ్యాల టీచర్. “సాక్సు.”

“దానికోసం ఇంతదూరం ఎవరొస్తారండీ, పారేయండి.”

పారేయలేదు. కుళాయి కింద ఉతికి, పిండి, కిటికీ ఊచకు ఆరేసి, గదికి తాళం వేసి ఇంటికి పోయింది. గుమ్మంలోనే టీవీ చప్పుడు ఎదురైంది. చెవుల్లో దూది పెట్టుకుంది.

మర్నాడు బళ్ళు మొదలయ్యే వేళకు మేజోడు ఆరిపోయింది. మడమ సాపుగానే ఉంది. వేళ్ళ దగ్గర మాత్రం, దేన్నో పట్టుకుని వదలని పిడికిలిలా, ముడుచుకునే ఉంది.