అలివేలమ్మ బోర్డు మీద కన్ఫ్యూజ్ పాఠం

మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో ఒక చీరల కొట్టుకు పైన మేడమీద గదిలో రోజూ తొమ్మిది నుంచి పది దాకా అలివేలమ్మ స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు. వచ్చేవాళ్లంతా కొట్లలో పనిచేసే ఆడవాళ్లు కాబట్టి షట్టర్లు లేచేలోపు పాఠం అయిపోవాలి. ఆవిడ ఒక ఇంగ్లీషు మాట చెబుతుంది, దానితో తలా ఒక వాక్యం బోర్డు మీద రాయాలి. రాసింది జరుగుతుంది. తుడిచేదాకా జరుగుతూనే ఉంటుంది. వాన పాఠం రోజున వీధిలో ఎవరూ వడియాలు ఎండబెట్టరు, అంతే. అంతకుమించి ఆ బోర్డు గురించి ఎవరూ మాట్లాడుకోరు.

ఆ గురువారం పాఠం "కన్ఫ్యూజ్". ముందురోజే వీధంతా తెలిసిపోయింది. టీకొట్టు యువరాజ్ ఉప్పు డబ్బాకీ చక్కెర డబ్బాకీ పెద్దక్షరాలతో పేర్లు అంటించుకున్నాడు. పూలమ్మే అమ్మాసి తన చెప్పులు రెండూ తాడుతో కలిపి కట్టింది. ఆటోవాళ్లు స్టాండు వదిలి వెళ్లబోమని ఒట్టు పెట్టుకున్నారు. వీధికి పండగ వచ్చినంత హడావుడి.

కస్తూరి ధ్యాస మాత్రం ఇంకోదాని మీద ఉంది. పదకొండేళ్లుగా కింద కొట్టులో చీరలు అమ్ముతోందామె. అన్నానగర్‌లో కొత్త కొట్టు తెరుస్తున్నారు. దానికి ఇన్‌చార్జిని ఎంచడానికి యజమాని కోడలు సౌకార్‌పేట నుంచి మొదటిసారి వస్తోంది, సరిగ్గా తొమ్మిదీ ముక్కాలుకి. ఉత్తరాది అమ్మాయి, హిందీ, ఇంగ్లీషు తప్ప రావు. కొట్టు మేనేజరు ఆమెకు చూపించే నలుగురిలో కస్తూరి లేదు. ఎనిమిదో క్లాసు చదివినదానికి ఇంగ్లీషు ఎక్కడిదని అతని ధీమా. పిలవనివాళ్లు పదింటిదాకా కొట్లో అడుగు పెట్టకూడదని కూడా చెప్పాడు.

మొదట పంకజం లేచింది. కస్తూరి పక్క కౌంటరే ఆమెది. "వి కన్ఫ్యూజ్ సాల్ట్ విత్ షుగర్" అని రాసిందో లేదో, కింద కేకలు.

"టీచరమ్మా! పేరు చదివి మరీ ఉప్పే ఏసినా! తుడిచెయ్ తల్లీ!" అని యువరాజ్.

అలివేలమ్మ తుడిచింది. గ్లాసుల్లో టీలు మళ్లీ తియ్యగా అయ్యాయి. ఇంకో అమ్మాయి "ద మ్యాప్ కన్ఫ్యూజ్డ్ ద డ్రైవర్" అని రాస్తే, ఒట్టు పెట్టుకున్న ఆటోల్లో ఒకటి ఖాళీగా తిరువొత్తియూరు వైపు దూసుకుపోయింది. క్లాసంతా కిటికీ దగ్గర చేరి పడీ పడీ నవ్వారు. అలివేలమ్మ అదీ తుడిచింది.

తొమ్మిదీ నలభైకి కస్తూరి వంతు వచ్చింది. సుద్దముక్క తీసుకుని రాసింది. "విజిటర్స్ కన్ఫ్యూజ్ అవర్ డోర్ విత్ ద షాప్ డోర్."

అలివేలమ్మ డస్టరు ఎత్తబోయి ఆగింది. "ఏమే, ఎవురి కోసం రాసినావు ఇది?"

"నా కోసమే టీచరమ్మా. ఒక్క అయిదు నిమిషాలు తుడవొద్దు. నన్నెవురూ చూడకనే పదకొండేండ్లు పోయినాయి."

ఆవిడ డస్టరు చంకలో పెట్టుకుంది. "సరి. అయిదే."

మెట్ల మీద ఎత్తు మడమల చెప్పుల చప్పుడు. యజమాని కోడలు లోపలికొచ్చి, బెంచీలను కౌంటర్లనుకుని, చీరలు చూపించమంది. గదిలో ఉన్నవన్నీ కట్టుకున్న చీరలే. కస్తూరి చటుక్కున టీచరమ్మ కొంగు అందుకుంది.

"డోంట్ గెట్ కన్ఫ్యూజ్డ్, మేడమ్!"

ఇక ఆగలేదు. అంతా ఇంగ్లీషులోనే. దూరానికి ఇది పట్టులా ఉంటుంది, వేళ్లతో చూడండి, నూలు కలిసింది, మా ఎండకు ఇదే హాయి అంది. ఈ పచ్చనీ చిలకపచ్చనీ జనం కన్ఫ్యూజ్ చేసుకుంటారు, పగటి వెలుగులో చూడాలి అంటూ అలివేలమ్మను గిర్రున తిప్పి కిటికీ దగ్గరికి నడిపించింది. అది నిరుడు ఆవిడకు తనే అమ్మిన చీర. ఈ మాటలన్నీ తన నోట్లోంచే వస్తున్నాయా అని కస్తూరికి పట్టరాని సంతోషం. పంకజం బెంచీ ఎక్కి మరీ వింటోంది.

"ఇదే కావాలి, ప్యాక్ చెయ్యండి," అంది యజమాని కోడలు.

"అయ్యో, నేనేం కట్టుకొని ఇంటికి పోవాల!" అంది అలివేలమ్మ.

గది గొల్లుమంది. కస్తూరి నవ్వలేదు. ఈమె ఇప్పుడు తనను మెచ్చుకున్నా, బోర్డు తుడిచాక ఆ మెప్పు నిలుస్తుందా? టీచరమ్మ చంకలోంచి డస్టరు లాగి, తన వాక్యాన్ని తనే తుడిచేసింది.

యజమాని కోడలు కళ్లు నులుముకుంది. బెంచీలు బెంచీల్లా కనబడ్డాయి. "ఇది షాపు కాదా?"

"కాదు మేడమ్. షాపు కింద ఉంది. నేను అక్కడే పనిచేస్తాను. లిస్టులో నా పేరు లేదు." ఇదీ ఇంగ్లీషులోనే. బోర్డు మీద ఒక్క అక్షరం లేదు.

యజమాని కోడలు ఖాళీ బోర్డును చూసింది, కస్తూరిని చూసింది. "అయితే మీరే దారి చూపించండి," అంది.

మెట్లు దిగుతూ అడిగింది. "అలాంటి పచ్చ చీర కింద కొట్లో ఇంకోటి ఉందా?"

"ఉంది మేడమ్. ఎడమవైపు మూడో అర."

"మీరు అన్నానగర్ వచ్చేస్తే ఆ అర ఎవరు చూసుకుంటారు?"

కస్తూరి మెట్టు మీదే ఆగి పైకి చూసింది. పైన గుమ్మంలో తలలన్నీ ఒకదాని మీద ఒకటి పడి తొంగిచూస్తున్నాయి.

"పంకజం, మేడమ్," అంది.