డైలాగు లేని తల్లి

ఆరోజు పొద్దున్నే దినేష్‌తో గొడవైంది. దినేష్ అంటే హైదరాబాదులో డబ్బింగు కంపెనీలో నా రాతలు సరిచూసే మనిషి. నేను వనపర్తిలో, పాలిటెక్నిక్ వెనక సందులో, మేడ మీద గదిలో కూర్చుని స్పానిష్ సీరియళ్ళను తెలుగులోకి మారుస్తాను. ఆయన అక్కడ కూర్చుని నా తెలుగును పాడుచేస్తాడు. ఒకరి మొహం ఒకరం చూసుకున్నది లేదు. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, రోజు మొత్తమ్మీద నాతో మాట్లాడే మనిషి ఆయనొక్కడే. అందుకేనేమో, మా తగాదా తొందరగా తెగితే నాకు నచ్చదు.

ఆరోజు తగాదా ఇనెస్ అనే పిల్ల గురించి. సీరియల్లో ఆ పిల్ల మొగుణ్ణి వదిలేసి పుట్టింటికొస్తుంది. తండ్రి ఉండనివ్వడు. పెట్టె పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోతుంది. ఆ నాలుగు మెట్లు దిగేలోపల నలుగురు నాలుగు మాటలంటారు. తండ్రి 'దెస్కరాదా' అంటాడు. మేనత్త 'అత్రెవీదా' అంటుంది. గడప దగ్గర కూర్చున్న తాత 'ఒసాదా' అంటాడు. వీధిలో బండి ఆపి ఎక్కించుకున్న, ముక్కూమొహం తెలియని ఒకాయన 'ఔదాస్' అంటాడు. నాలుగూ ధైర్యం చుట్టూ తిరిగే మాటలే. కానీ తండ్రి మాటలో ఉమ్మేసినంత అసహ్యం ఉంది, బండాయన మాటలో చేతులెత్తి మొక్కినంత గౌరవం ఉంది. మేనత్తది ఆశ్చర్యమో ఏడుపో తెలియదు. తాత మాత్రం లోలోపల మురిసిపోతున్నాడు.

దినేష్ నాలుగింటికీ ఒకటే మాట పెట్టాడు. బరితెగించింది.

"జనాలకి అర్థమవ్వాలి కదండీ మేడమ్. పెదాల కదలికకి కూడా సరిపోయింది" అన్నాడు.

"నలుగురు వేరువేరు మనుషులు దినేష్. అందరి నోట్లోనూ మా నాయన నాలుకే పెడితే ఎట్లా?"

"మీ నాన్నగారా?"

"ఏం లేదు. సాయంత్రంలోగా పంపిస్తాను" అని ఫోను పెట్టేశాను.

నిజానికి నా కోపం దినేష్ మీద కాదు. నాకే మాటలు దొరకడం లేదు. ధైర్యవంతురాలు అని రాస్తే సన్మానపత్రం చదివినట్టుంటుంది. సాహసి అంటే కొండలెక్కే మనిషి గుర్తొస్తుంది. 'ఎంత ధైర్యమే నీకు' అని రాద్దామా అంటే, మన ఇళ్ళల్లో అది చెంపదెబ్బకు ముందొచ్చే మాట. అదే మగపిల్లాడు ఇల్లొదిలి పోయి ఉంటే దమ్మున్నోడు, గుండెగలవాడు అని చకచకా రాసి పారేసేదాన్ని. ఆడపిల్ల దగ్గరికొచ్చేసరికి ఏ మాట రాసి చదువుకున్నా మా నాయన గొంతే వినిపించింది.

నన్ను ఇటిక్యాలలో ఇచ్చి చేశారు. ఎందుకొదిలేశావంటే చెప్పడానికి పెద్ద కథేమీ లేదు. కొట్టేవాడు. తొమ్మిదేళ్ళ కింద ఒక పొద్దున మా ఊరు పెద్దమందడికి తిరిగొచ్చి, ఇంక పోనన్నాను. నాయన వాకిట్లో నిలబడి అనాల్సినవన్నీ అన్నాడు. తమ్ముడు మహిపాల్ నా బ్యాగు తెచ్చి రోడ్డు మీద పెట్టాడు. అమ్మ వంటింటి తలుపు పట్టుకుని నిలబడింది. ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు. నాయన పోయి మూడేళ్ళయింది, ఆయన తిట్లు ఇప్పుడు నొప్పి పుట్టవు. అమ్మ నోరు తెరవకపోవడమే ఇప్పటికీ మండుతుంది.

కాలేజీలో సరదాకు నేర్చుకున్న స్పానిష్ హైదరాబాదులో నాకు కూడు పెట్టింది. కరోనా వచ్చాక ఇంటినుంచే పని చెయ్యమంటే వనపర్తి వచ్చేశాను. వనపర్తే ఎందుకని అడిగినవాళ్ళకు కిరాయిలు తక్కువని చెప్తాను. అబద్ధం. పెద్దమందడి ఇక్కడికి అరగంట. ఊరివాళ్ళు కనిపిస్తే నా ఇల్లెక్కడో చెప్పి పంపేదాన్ని. దవాఖానకో అంగడికో వచ్చిన మావాళ్ళు ఎవరో ఒకరు నా మెట్లెక్కుతారనుకున్నాను. ఎవరూ ఎక్కలేదు. కింద ఇంటామె షంషాద్ ఒకసారి, "మీవాళ్ళెవ్వరు రారా అమ్మా?" అని మామూలుగానే అడిగింది. అప్పట్నించీ ఆమె వాకిట్లో ఉంటే నేను కిందికి దిగడం మానేశాను.

ఆరోజు ఆ షంషాదే కిందినుంచి కేకేసింది. "ప్రేమలతా! జర కిందికి సూడు, మీ అమ్మంట!"

అమ్మ అప్పటికే సగం మెట్లెక్కింది. చేతిలో బరువైన గుడ్డసంచి. చిక్కిపోయింది. పైకొచ్చి గుమ్మం బయట ఆగింది, లోపలికి రమ్మంటానో లేదో అని చూస్తున్నట్టు.

"దవాఖానకొచ్చిన" అంది. "కండ్లు సూపిచ్చుకుంటనని మహిపాల్‌కు చెప్పిన. మూడుగంటల బస్సుకు పోవాలె. లేకుంటె వాడు పరేషాన్ అయితడు."

కుర్చీ వేశాను. నీళ్ళిచ్చాను. ఎప్పుడెప్పుడు వస్తుందా అని ఇన్నేళ్ళు ఎదురు చూసినదాన్ని, తీరా వచ్చాక నోరు పెగిలి అడిగింది ఏమిటంటే, "కండ్లకేమైంది?"

"ఏం గాలే. మంచిగనే కనవడ్తున్నయ్" అంది.

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండూ చూపించకుండా కంప్యూటరు వైపు తిరిగాను. అమ్మ కూడా అటే చూసింది. తెర మీద ఇనెస్ పెట్టె పట్టుకుని మెట్ల మీద ఆగిపోయి ఉంది.

"ఎవరా పిల్ల?"

చెప్పాను. మొగుణ్ణి వదిలేసిందని, నలుగురు నాలుగు మాటలంటున్నారని, వాటిని తెలుగు చెయ్యడం నా పని అని.

"తిట్లు రాసేటి కొలువా?"

"అన్నీ తిట్లు కాదమ్మా. ఒకాయన మెచ్చుకుంటడు."

"ఎవరిని? గా పిల్లనా?" అమ్మ నమ్మలేదు. "ఏదీ, సూపియ్."

ఆ సీను మొత్తం వేశాను. అమ్మ ముందుకు వంగి, భాష తెలియకపోయినా ఒక్క రెప్ప కొట్టకుండా చూసింది. అయిపోయాక వేలు పెట్టి తెరను తాకింది.

"గీమె ఏమంటది?"

"ఎవరు?"

"గీ తలుపు కాడామె. తల్లే గద?"

వెనక్కి తిప్పి చూశాను. నిజమే. తండ్రి భుజం వెనకాల, వంటింటి తలుపు పట్టుకుని ఒకామె నిలబడి ఉంది. వారం నుంచి ఆ సీను మీదే కూర్చున్నాను, ఆమెను ఒక్కసారీ చూడలేదు. మాట్లాడేవాళ్ళతోనే నాకు పని. స్క్రిప్టులో ఆమెకు పేరు కూడా లేదు.

"ఆమెకు డైలాగు లేదమ్మా. ఏమనదు."

"ఏమన్న అంటె ఆమెకింత, ఆ పిల్లకింత దెబ్బ పడుతుండె" అంది అమ్మ. "అప్పటికే ఆయన చేతిల కట్టె ఉండె."

తెర మీది తండ్రి చేతిలో కట్టె లేదు. మా వాకిట్లో ఉందో లేదో నాకు గుర్తు లేదు. నేను ఆ పొద్దున నాయన చేతుల వైపు చూడనే లేదు, అమ్మ మొహం వైపు చూస్తూ నిలబడ్డాను.

"ఒక్క మాట అంటే ఏం పోతుండెనమ్మా?" అన్నాను. గొంతు లేచిపోయింది, ఆపుకోలేకపోయాను. "ఉండమనకుంటె పాయె. పొమ్మనన్నా అనుంటే నాకు నీ గొంతన్న యాదికుంటుండె!"

అమ్మ సంచి దగ్గరికి లాక్కుని మూతి విప్పింది. పైన ఒక చీర ఉంది. మెరూన్ రంగు గద్వాల చీర, ఆమె పెళ్ళినాటిది. దాని కింద పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు.

ఒడిబియ్యం.

మా దిక్కున ఆడపిల్లకు పుట్టిల్లుందని చెప్పేది అదే. కొన్నేళ్ళకొకసారి పుట్టింటివాళ్ళు పిలిచి, మొగుడితో కలిపి పీటల మీద కూర్చోబెట్టి, కొత్త చీర పెట్టి, ఒడి నిండా బియ్యం పోసి పంపుతారు. పోసేది ముత్తైదువలు. మొగుణ్ణి వదిలేసినదానికి ఎవరూ పొయ్యరు. మొగుడు పోయినదాన్ని పొయ్యనివ్వరు.

"జొన్నరొట్టె గిట్ల తెస్తె సాలకపోయెనా అమ్మా! ఇదేంది?" అన్నాను. "నాకు పొయ్యొద్దు. నువ్వు పొయ్యొద్దు."

"మొగుణ్ణి ఇడిసినదానివి నువ్వు, మొగుడు లేనిదాన్ని నేను" అంది అమ్మ. "మనకింకెవరొచ్చి పోస్తరే? కూసో. కొంగు పట్టు."

చాప మీద కూర్చున్నాను. అమ్మ చీర నా భుజాల మీద కప్పి, బొట్టు పెట్టింది. కొంగు పట్టాను. దోసిలి నింపి పోసింది. పాటలు పాడేవాళ్ళు లేరు, పక్క పీట మీద ఎవరూ లేరు, కింద షంషాద్ కుట్టుమిషను చప్పుడొకటే వినపడుతోంది. ఒడి బరువెక్కేకొద్దీ నాకు ఏడుపు ఆగలేదు. పెద్దగా, సిగ్గులేకుండా ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. కిందపడ్డ గింజల్ని ఒక్కొక్కటే ఏరి ఒడిలో వేసింది.

"నలుగురిని పిలిచి వండిపెట్టు. ఒక్కదానివే తినొద్దు" అంది లేస్తూ. "ఎవరెవరిని పిలుస్తవ్?"

"చాలామంది ఉన్నరు. ఆఫీసోళ్ళను పిలుస్త."

"మీ ఆఫీసు యాడుంది?"

"హైదరాబాదుల."

"బువ్వ తిననీకె హైదరాబాదుకెల్లి వస్తరా?"

అమ్మ చేతులు కడుక్కోవడానికి సింకు దగ్గరికి వెళ్ళింది. అక్కడ కడిగి బోర్లించిన కంచం ఒకటి, గ్లాసు ఒకటి. కాసేపు వాటినే చూసింది. తిరిగొచ్చి గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటుందనుకున్నాను. వేసుకోలేదు. చెప్పుల్ని కాలితో గోడ వారకు జరిపింది.

"పొయ్యి ముట్టియ్. తిని పోత."

"బస్సు?"

"పోనీ."

"పోసినోళ్ళు ఆ బియ్యం తినొద్దంటరు గదమ్మా?"

"అననీ" అంది అమ్మ.

ఎసరు పెట్టి, పప్పు కడిగేసరికి దినేష్ ఫోను. ఫైలు ఏదని అడిగాడు. స్టవ్వు పక్కనే నిలబడి, కంప్యూటరు దగ్గరికి పోకుండానే చెప్పేశాను. "రాసుకోండి. తండ్రికి మీరు పెట్టిందే ఉంచండి, ఆ నోటికి అదే సరి. మేనత్తకు 'ఎంత ధైర్యమే నీకు'. తాతకు 'తెగించావే తల్లీ'. బండాయనకు 'గుండెగల పిల్ల'."

"పెదాలకి కుదరవండీ."

"పెదాలదేముంది, కదులుతూనే ఉంటాయి. నాకిప్పుడు తీరిక లేదు దినేష్. మా అమ్మ వచ్చింది." ఆ మాట ఫోనులో చెప్పడం నాకే కొత్తగా వినిపించింది. ఇంకా ఏదో అంటుంటే నేనే కట్ చేశాను.

అటక మీంచి రెండో కంచం దింపి దుమ్ము కడిగాను. పసుపన్నం, పప్పు, మామిడికాయ తొక్కు. ఇద్దరం చాప మీద ఎదురెదురుగా కూర్చున్నాం. అమ్మ ఆకలితో తింది. నాలుగు కావస్తోంది. ఆమె చిన్న ఫోను సంచిలో మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. మహిపాల్.

"డాక్టరు లేటు చేసిండని చెప్పమ్మా" అన్నాను. "తర్వాతి బస్సుకొస్తనను."

"నా చెయ్యి ఎంగిలి. చెవికాడ పెట్టు" అంది.

పెట్టాను. వాడి గొంతు నాకూ వినిపించింది. తొమ్మిదేళ్ళలో బాగా మొరటుగా అయ్యింది. బస్సు వచ్చి పోయింది, యాడ సచ్చినవ్ అంటున్నాడు.

"ప్రేమ కాడ ఉన్న" అంది అమ్మ.

నేను ఫోను ఇంకొంచెం దగ్గరికి ఆనించాను.

"బిడ్డకు ఒడిబియ్యం పోసిన. కూసోని బువ్వ తింటున్నం. రేపు పొద్దుగాల వస్త."

"ఎవర్నడిగి పోయినవ్?" అని అరిచాడు. "మళ్ళ యే మొకంతోని ఈ ఇంట్లకొస్తవ్?"

"గిదే మొకంతోని వస్త. నువ్వు తలుపు తీస్తె లోపటికొస్త. తియ్యకుంటె మల్ల ఈడికే వస్త" అని, నా వైపు చూసి "తియ్" అంది. ఫోను ఆమె చెవి దగ్గర్నుంచి తీసేశాను.

అమ్మ ముద్ద కలిపింది. కలిపిన ముద్ద నోటిదాకా పోలేదు, సగం మెతుకులు చాప మీద పడ్డాయి. చేతిని కంచంలోనే అదిమిపట్టి కూర్చుంది.

"భయమైతుంది బిడ్డా" అంది.

నేను జరిగి ఆమె పక్కన కూర్చున్నాను.

"ఆ దినం నాకు గూడ అయ్యిందమ్మా" అన్నాను. ఆ మాట నేను ఏ భాషలోనూ ఎవరితోనూ అనలేదు. "రోడ్డు మీద బ్యాగు పట్టుకున్నప్పుడు."

"నాకెర్కే" అంది అమ్మ. "మలుపు తిరిగెదాంక చూస్తనే ఉంటి. తిను, సల్లగయితుంది."