చూసుకోమని ఇచ్చిన లిస్టు

"శుక్రవారం నీకేం పన్లేదట కదమ్మా, గిరి చెప్పాడు. మా చెల్లెల్ని భోజనానికి పిలిచేశాను" అంది తాయారమ్మ, బీరకాయల బుట్ట కోడలి ముందుకి జరుపుతూ.

ఉమారాణి చేతిలో కత్తి ఆగిపోయింది. శుక్రవారమే కదా ఊరికి దూరంగా ఉన్న నయా రాయపూర్‌లో ఇంటర్వ్యూ! ఇప్పుడున్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో అందరి కోడూ సరిదిద్దడమే తప్ప టీమ్ లీడ్ అన్న మాట తన దాకా రాలేదు. అక్కడైనా వస్తుందని ఆశ. ఫోన్ తీసి క్యాలెండర్ చూసింది. శుక్రవారం ఖాళీ. నిన్న కూడా ఇలాగే ఖాళీగా కనిపిస్తే మళ్లీ రాసుకుంది. భర్త గిరిధర్‌ని అడిగితే, "రాశాననుకుని ఉంటావు ఉమా, నీ దిమాగ్ సంగతి నాకు తెలీదా" అని నవ్వాడు. పాలు పొంగినా అదే నవ్వు, గ్యాస్ కట్టడం మరిచినా అదే నవ్వు. అది విని విని తన బుర్రని తానే అనుమానించడం ఆమెకి అలవాటైపోయింది. ఖర్మ కాకపోతే, అత్తగారి మందులు ఏ వేళకో, మొగుడి చొక్కాలు ఏ ఇస్త్రీ బండి దగ్గరున్నాయో మరిచిపోని బుర్ర తన ఇంటర్వ్యూనే మరిచిపోతుందా? అయినా నిన్ననే ఇంటర్వ్యూ సంగతి విన్న గిరిధర్, శుక్రవారం పన్లేదని అమ్మకి ఎలా చెప్పాడు? అతను రైల్వే ఆఫీసుకి టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్తుంటే గుమ్మం దాకా వెళ్లింది. నోరు తెరిచి అడగడానికి మాత్రం భయం వేసింది.

ఆఫీసుకి వెళ్తే అక్కడా మాయమే. క్లినిక్ కోసం రాసిన ప్రోగ్రామ్‌లో పేషెంట్ల అపాయింట్‌మెంట్లు ఎగిరిపోతున్నాయి. కొత్తగా చేరిన సాయిలక్ష్మి బిక్కమొహం వేసింది. అపాయింట్‌మెంట్ల లిస్టుని ప్రైవేట్‌గానే పెట్టిందట, అది ఉన్న క్లాసు అనే కోడు ముక్కకి బయటి కోడు దాన్ని నేరుగా ముట్టుకోవడానికి వీల్లేదట, చూసుకోవడానికి గెట్టర్ అనే చిన్న ఫంక్షన్ మాత్రం ఇచ్చిందట.

ఉమారాణి ఆ గెట్టర్ తెరిచి చూసింది. జావా భాషలో కొత్తగా కోడు రాసేవాళ్లంతా చేసే తప్పే.

"చూడ్డానికైతే నకలు ఇవ్వాలి పిల్లా. నువ్వు అసలు లిస్టే చేతిలో పెట్టేశావు. ప్రైవేట్ అని పేరేగానీ, తీసుకున్నవాళ్లు తమకి నచ్చనివి తుడిచేస్తున్నారు."

అనేసి, తన మాట తనకే వినబడి ఫోన్ అందుకుంది. పెళ్లయిన కొత్తలో గిరిధర్ ఆమె ఫోన్ క్యాలెండర్ తనకీ కనబడేలా పెట్టమని అడిగాడు. మొగుడూ పెళ్లాల మధ్య దాపరికాలేంటని అత్తగారు వంత పాడింది. చూసుకోమనే ఇచ్చాననుకుంది ఇన్నాళ్లూ. ఇప్పుడు సెట్టింగ్స్ తెరిస్తే, మార్చే హక్కు కూడా అతనికి ఉంది. ఒళ్లు మండిపోయింది. తన బుర్ర బాగానే ఉందన్నమాట! చూసే హక్కు, మార్చే హక్కు రెండూ తీసేసింది. ఇంటర్వ్యూ వాళ్లకి ఫోన్ చేసి, శుక్రవారం తప్పకుండా వస్తానని చెప్పింది.

సాయంత్రం టీ కప్పు అందుకుంటూ గిరిధర్ అడిగాడు, క్యాలెండర్ కనబడట్లేదేమని.

"ఇంటర్వ్యూ మీరే తీసేశారు కదూ?"

అతను టీ ఊదుకున్నాడు. "నీ మంచికే. అంత దూరం రోజూ ఎలా తిరుగుతావ్? అమ్మ పరేషాన్ అయిపోతుంది."

"శుక్రవారం వెళ్తున్నాను. మీ పిన్నిగారికి వంట మీరు చూసుకోండి."

"సరేలే, ఆ క్యాలెండర్ తెరువు. నువ్వెక్కడున్నావో నాకెలా తెలుస్తుంది?"

"అడగండి," అంది ఉమారాణి. "చెప్పాలనిపిస్తే చెప్తాను."