నీళ్లు పోయవద్దు

మూడేళ్లుగా ఆమె చేసిందల్లా మొక్కలను మాడ్చడం, ఆకులు నూరడం, యంత్రంలో సున్నా చూడడం. ఇంత చదువూ చివరికి ఇందుకేనా అని ఏడుపొచ్చేది. భర్త "మీ సంతానం ఎలా ఉంది?" అని మొక్కల గురించి వేళాకోళం చేసేవాడు. ఈమధ్య అదీ మానేశాడు.

ఆమె చెప్పేది చిన్న సంగతే. ఆ మొక్క ఆకుల్లో కీళ్లనొప్పులకు మందు తయారవుతుంది. దాన్ని తయారుచేయించే జన్యువు మీద ఇంకో జన్యువు ఎప్పుడూ బ్రేకు వేసి కూర్చుంటుంది. పన్నెండు రోజులు నీళ్లు లేక మొక్క అల్లాడితే ఆ బ్రేకు వదులుతుందని ఆమె వాదన. వాదన బాగానే ఉంది, మొక్కలే మాట వినవు. వాడిపోవాల్సినవి సోమవారానికల్లా నిక్కబొడుచుకునేవి. మొండి జాతి అని సరిపెట్టుకునేది. ఈ సోమవారం రుజువు చూపకపోతే ప్రాజెక్టు మూసేస్తానని డైరెక్టరు తేల్చేశాడు.

ఆదివారం పొద్దున్నే మనసాగక ల్యాబుకొచ్చి మొక్కల గాజుగది తలుపు తోసింది. లోపల బాబాయి, అంటే తోటపని చూసే ఆయన, అందరికీ బాబాయే, మగ్గుతో కుండీ కుండీకీ నీళ్లు పోస్తున్నాడు.

ఆమె బోర్లించిన బకెట్టు మీద కూలబడింది.

"బాబాయ్! ఏంటిది?"

"నోళ్లు తెరుచుకుని చూస్తున్నాయమ్మా, పాపం. సెలవుల్లో వీటినెవరు చూస్తారని ఎప్పుడూ నేనే వస్తా."

"బోర్డు కనబడలేదా? ఇంతింత అక్షరాలతో రాశానే!"

"చూశా. తొందర్లో ఏదో రాయబోయి ఏదో రాశారనుకున్నా. మొక్కకి నీళ్లు పోయొద్దని ఎవరైనా రాస్తారా అమ్మా?"

నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. ఒళ్లు మండింది. తిట్టడానికి మాత్రం ఓపిక లేదు.

"ఒక్కదానికే అన్యాయం చేశా," అన్నాడాయన, ఈసారి చోటు చాలక కింద అరలో పెట్టిన కుండీ చూపిస్తూ. "మోకాలు వంగక దానికి ఒక్కసారీ పోయలేకపోయా. దాని ఉసురు నాకు తగుల్తుంది."

ఆమె వంగి చూసింది. ఆకులు వడిలి ముడుచుకున్నాయి. రెండు తుంచి, పక్కగదిలో నూరి, యంత్రంలో పెట్టింది. గంటకి తెర మీద మందు జాడ చూపే గీత లేచింది. మూడేళ్లలో మొదటిసారి, ఇంతెత్తున లేచింది. పై కుండీల ఆకులు పెడితే మళ్లీ సున్నా.

ఒక్క మొక్కతో రుజువు నిలవదు. డైరెక్టరుకు ఫోను చేసి, ఉన్నదున్నట్టు చెప్పి, ఇంకో పన్నెండు రోజులు అడిగింది.

"మూడేళ్లు నీళ్లు పోశాడా? ఎవడు వాడు?"

ఆ కేక గుమ్మంలో ఉన్న బాబాయికీ వినబడింది. వచ్చే నెల ఆయన రిటైర్మెంటు. పాలిపోయిన ఆయన ముఖం చూసి ఆమె ఫోనులో అంది:

"తప్పు నాది సార్. బోర్డు పెట్టాను గానీ, ఎందుకో ఒక్కరికీ చెప్పలేదు."

అవతల పెద్ద నిట్టూర్పు. "సరే, పన్నెండు రోజులు. పదమూడో రోజు నన్నేమీ అడక్కు."

ఫోను పెట్టేసి అప్పుడు చెప్పింది బాబాయికి, బ్రేకు సంగతీ దాహం సంగతీ.

"అయితే ఇన్నాళ్లూ మీ నోట్లో మట్టి కొట్టింది నేనేనా తల్లీ," అని కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత మగ్గు శుభ్రంగా కడిగి, తాగేనీళ్లు నిండా పట్టి తెచ్చాడు.

"వాటికిక చుక్క పొయ్యను, ఒట్టు. మీరైనా తాగండి. పొద్దుట్నుంచీ గొంతు తడుపుకోలేదు. మీ మీద బోర్డు లేదుగా."

ఆమె రెండు చేతులా పట్టుకుని గటగటా తాగింది. ఏడుపు ఆగలేదు, ఆపుకోనూ లేదు. మగ్గు మాత్రం తిరిగి ఇవ్వలేదు. సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకుపోయింది.