ఆదివారం వాయించేదెవరు

సెంటిమెంట్ విషయంలో దెఫెన్సోరెస్ ఫుట్‌బాల్ క్లబ్బు అభిమానులతో వాదించి నెగ్గినవాడు శాంతా ఫే ఊళ్లో ఇంతవరకూ పుట్టలేదు. జట్టు గెలిచిన రోజు ఏ చొక్కా వేసుకున్నావో వచ్చే ఆటకీ అదే వేసుకోవాలి, ఉతక్కుండా. స్టేడియంలో ఏ మెట్టు మీద నిలబడ్డావో అదే మెట్టు మీద నిలబడాలి, పక్కవాడి ముఖం చూడటం నీకు గిట్టకపోయినా సరే. ఆట అయ్యాక క్లబ్బు క్యాంటీన్‌లో అందరూ చేరి, ఎవరెవరు ఏం చేశారో, ఏం మార్చారో ఒక్కొక్కరే చెప్పుకోవాలి. అక్కడ మాత్రం అబద్ధం ఆడకూడదు. పెళ్లాం దగ్గర ఆడే అబద్ధాలు వేరు, అవి దేవుడు చూసుకుంటాడు.

ఆ ఏడాది జట్టు వరసగా ఆరు ఆటలు ఓడి పరువు బజారున పడ్డ రోజుల్లో ఓస్మర్ ఒక పొరపాటు చేశాడు. ఓస్మర్‌ది పెళ్లిళ్లకీ పుట్టినరోజులకీ కుంబియా డాన్సు పాటలు వాయించే బృందంలో బేస్ గిటార్. ఆ ఆదివారం మధ్యాహ్నం ముందుగదిలో సాధన చేసుకుంటూ టైము చూసుకోలేదు. వీధిలోంచి రూలో ఆటకి రమ్మని కేకేసేసరికి గిటార్‌ని యాంప్ స్పీకరు పెట్టెకి ఆనించి, స్విచ్ ఆపకుండా, కుక్కని పెరట్లోకి తోలకుండా పరుగెత్తాడు. ఆ రోజు దెఫెన్సోరెస్ మూడు గోల్స్ కొట్టి గెలిచింది.

క్యాంటీన్‌లో ఓస్మర్ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. రూలో తీర్పు ఇచ్చాడు. రూలో ఆ బృందంలోనే అకార్డియన్ వాయిస్తాడు, చిన్ననాటి స్నేహితుడు, సెంటిమెంట్లకి హైకోర్టు జడ్జి లాంటివాడు.

"ఒరే బక్కోడా, ఇకనుంచి ప్రతి ఆటకీ నీ యాంప్ ఆన్‌లోనే ఉండాలి. గిటార్ అలాగే ఆనించి ఉండాలి. నీ కుక్క పాంచా గదిలోనే ఉండాలి. స్విచ్ ఆపావో, నిన్నే ఆపేస్తాం."

అందరూ నవ్వారు. ఓస్మర్ కూడా నవ్వాడు. నవ్వుతూనే చెప్పినట్టు చేశాడు. రెండో ఆట గెలిచారు, మూడోదీ గెలిచారు.

నాలుగో ఆట మర్నాడు పొద్దున, పక్కింటి దోన్య ఇర్మా గోడ మీదుగా మాతే టీ కప్పు అందిస్తూ అంది, "ఆదివారాలు బాగా వాయిస్తున్నావు నాయనా. చెయ్యి తిరిగింది."

"ఆదివారమా? నేను స్టేడియంలో ఉన్నాను కదండీ."

"ఉంటే ఉన్నావులే. ఆట మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా వాయిస్తూనే ఉన్నావు. నా రేడియో నాకు వినపడక చచ్చాను."

"అది యాంప్ హోరండీ. ఆన్‌లో వదిలేస్తే గుయ్యిమంటుంది."

దోన్య ఇర్మాకి కోపం వచ్చింది. "నలభై ఏళ్లు ఈ పేటలో డాన్సు చేసినదాన్ని. హోరేదో పాటేదో తెలీదా నాకు? మూడో దెబ్బ కొంచెం ఆపి వేస్తున్నావు, పడబోయి నిలదొక్కుకున్నట్టు. మన నికానోర్ అలాగే వేసేవాడు, పాపం."

ఓస్మర్ మాతే కప్పు గోడ మీద పెట్టేశాడు. ఆ గిటార్ నికానోర్‌దే. రెండు చలికాలాల కిందట దెఫెన్సోరెస్ ఓడుతుండగా మెట్ల మీదే గుండె ఆగి పోయాడు. బృందంలో అతని చోటు ఓస్మర్‌కి వచ్చింది, గిటార్‌ని అతని భార్య తెచ్చి చేతిలో పెట్టింది. ఆ మూడో దెబ్బ ఓస్మర్‌కి ఎప్పుడూ చేతకాలేదు. పెళ్లిళ్లలో రూలో దానికోసం ఎన్నిసార్లు ఎగతాళి చేశాడో లెక్కలేదు.

 ఆ రోజునుంచి పాంచాని గమనించడం మొదలుపెట్టాడు.

తొమ్మిదేళ్ల కిందట రూలో వాళ్ల బృందం వ్యాను కింద ముడుచుకుని ఓస్మర్‌కి దొరికిన కుక్కపిల్ల పాంచా. పొట్ట పెద్దది, కాళ్లు పొట్టి, రంగు ఫలానా అని చెప్పలేం. ఓస్మర్ సాధనకి కూర్చుంటే వచ్చి అతని ఎడమ పాదం మీద గడ్డం ఆనించి పడుకునేది. బేస్ శబ్దం చెవికన్నా ముందు ఎముకలకి తెలుస్తుంది. అతని పాదంలోంచి అది కుక్క దవడలోకి పాకుతుంటే, పాంచా కళ్లు సగం మూసుకునేది. ఒంటిగాడైన ఓస్మర్‌కి లోకంలో అంతకంటే సుఖం ఇంకోటి లేదు. ఈ సంగతి రూలోకి కూడా చెప్పుకోలేదు, సిగ్గేసి.

అయిదో గెలుపు తర్వాత పాంచా తలుపు దగ్గరికి ఎదురు రాలేదు. ఆరో గెలుపు తర్వాత, ఇంటికి వచ్చిన కొత్త మనిషిని చూసినట్టు ఎగాదిగా చూసింది. ఏడో గెలుపు తర్వాత అతను గిటార్ ముట్టుకుంటే గుర్రుమంది. అన్నిటికన్నా ఓస్మర్‌కి మింగుడు పడనిది వేరే ఉంది. ఖాళీ కుర్చీ ముందు కూర్చుని, పైకి చూస్తూ, తోక నేలకేసి కొట్టేది. ఆ కుర్చీని తను గోడవారగా నెట్టి వెళ్లాడు. వచ్చేసరికి గది మధ్యలో ఉంది.

తొమ్మిదో గెలుపుతో ఫైనల్ ఖాయమైంది. రెండు ఆటలు, మొదటిది సొంత మైదానంలో, రెండోది వచ్చే ఆదివారం నది అవతల. గెలిస్తే పై డివిజన్. నలభై ఒక్క ఏళ్లుగా ఆ మాట కోసమే ఆ పేట కాచుకుని ఉంది.

"ఇక ఆపేస్తాను రా. పాంచా నన్ను గుర్తుపట్టడం లేదు," అన్నాడు ఓస్మర్.

రూలో అకార్డియన్ తుడుస్తున్న గుడ్డని కిందపడేశాడు. "కుక్క కోసమా? మా నాన్న చూడకుండానే పోయాడు. నికానోర్ చూడకుండానే పోయాడు. నీ కుక్క అలిగిందని మేమంతా ఇంకో నలభై ఏళ్లు ఆగాలా?"

"అలగడం కాదురా. అక్కడ ఎవరో..."

"ఉండనీ! ఎవరైతే నీకేం? వాయించుకుంటే వాయించుకోనీ. మనవాడేగా! పైకి వెళ్లాక నీకు పది కుక్కలు తెచ్చిస్తాను, ఒక్కోదానికి ఒక్కో ఆటగాడి పేరు పెట్టుకో."

 నిజం చెప్పాలంటే ఓస్మర్‌కీ గెలవాలని ఉంది. ఆ కోరిక చిన్నప్పటినుంచీ ఒంట్లో పెరిగింది, దాన్ని కోసి అవతల పారేయడం ఎవరి తరం?

ఆదివారం యాంప్ ఆన్ చేశాడు. గిటార్ ఆనించాడు. పాంచా అతనివైపు తిరగనేలేదు. ఇరవయ్యో నిమిషంలో దెఫెన్సోరెస్ గోల్ కొట్టింది, మెట్లన్నీ ఊగిపోయాయి, రూలో ఏడుస్తూ అతని మెడ కౌగలించుకున్నాడు. ఓస్మర్ మాత్రం పొద్దుట్నుంచీ ఒక్కటే ఆలోచిస్తున్నాడు: ఈ ఆట గెలిస్తే పాంచా తనది కాదు. విరామం ఈల మోగగానే మెట్లు దిగి బయటికి నడిచాడు.

ఎండ ఫెళ్లున కాస్తోంది. వీధుల్లో నరపురుగు లేదు. ప్రతి కిటికీలోంచీ ఒకే రేడియో గొంతు. స్టేడియం డప్పులు ఇళ్ల కప్పుల మీదుగా వినపడుతున్నాయి. తన వీధి మలుపు తిరిగేసరికి ఆ డప్పులకి సరిగ్గా జవాబు చెబుతూ బేస్ వినిపించింది. మూడో దెబ్బ కొంచెం ఆగి పడుతోంది. తను జన్మలో వాయించలేనంత బాగుంది. అంత భయంలోనూ అతనికి అసూయ కలిగింది.

తలుపు తీశాడు. పాట వెంటనే ఆగలేదు, మొదలైన స్వరం తాపీగా పూర్తయ్యింది. గిటార్ ఆనించిన చోటే ఉంది. తీగలు ఇంకా వణుకుతున్నాయి. గది మధ్యలో ఖాళీ కుర్చీ. దాని ముందు పాంచా పడుకుని ఉంది, కళ్లు సగం మూసుకుని. దాని గడ్డం నేలకి ఆనలేదు. నేలకి నాలుగు వేళ్ల ఎత్తున, గాలిలో, హాయిగా ఆని ఉంది.

"పాంచా," అన్నాడు.

తల ఎత్తకుండానే పళ్లు చూపించింది.

రేడియోలన్నీ ఒక్కసారిగా హోరెత్తాయి, రెండో సగం మొదలైంది. రూలో ఏడుపు ముఖం ఓస్మర్ కళ్ల ముందు మెదిలింది. కాళ్లు వెనక్కి వెళ్లిపోదామన్నాయి. పళ్లు బిగబట్టి గోడ దగ్గరికి వెళ్లి ప్లగ్ పీకేశాడు.

పాంచా గడ్డం ఠప్పున నేలకి కొట్టుకుంది. లేచి నిలబడి చుట్టూ చూసింది. అతని బూట్లు వాసన చూసింది, ప్యాంటు వాసన చూసింది, చేతులు చూసింది. తర్వాత ఒళ్లంతా వణుకుతూ వచ్చి అతని మోకాళ్ల మధ్య తల దూర్చింది. ఓస్మర్ నేలమీద కూర్చుని దాన్ని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బయట రేడియోలో అవతలి జట్టు గోల్ కొట్టింది. పది నిమిషాలకి ఇంకోటి కొట్టింది.

సాయంత్రం క్యాంటీన్‌కి పాంచాని వెంటబెట్టుకునే వెళ్లాడు. ఒకడు మేజోళ్లు మార్చానన్నాడు. ఇంకొకడు బావమరిది వచ్చి తన మెట్టు మీద నిలబడ్డాడని చెప్పి తల దించుకున్నాడు. ఓస్మర్ వంతు వచ్చింది.

"ప్లగ్ పీకేశాను."

ఒక్కడూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గ్లాసులు బల్లమీద పెట్టి, అతన్ని చూడకుండా, ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. రూలో ఒక్కడే ఇంటిదాకా తోడు వచ్చాడు.  గుమ్మం ముందు ఆగాడు.

"ఇంకో ఆట ఉంది, బక్కోడా. ఒక్క గోలే తేడా."

"నా వల్ల కాదు. చంపినా చెయ్యను."

"నిన్ను చెయ్యమన్లేదు. గిటారూ యాంపూ నాకివ్వు. మా ఇంట్లో పెట్టుకుంటాను."

"మీ ఇంట్లో కుక్క లేదుగా."

రూలో చెప్పు కొనతో మట్టి గీకాడు. "మా అమ్మ ఉంది."

ఓస్మర్ అతను నవ్వుతాడని చూశాడు. నవ్వలేదు.

"ఎనభై తొమ్మిదేళ్లు రా దానికి. నన్ను చూసి ఎవరు బాబూ అంటోంది ఎలాగూ. ఇంకా పోయేదేముంది చెప్పు? కుర్చీలో కూర్చుని పాట వింటుంది. దానికీ కాలక్షేపం."

ఆవిడ ఓస్మర్‌కి తెలియని మనిషి కాదు. చిన్నప్పుడు బంతాటలో చెక్కుకుపోయిన మోకాళ్లు కడిగి, కొడుకుతో పాటు కూర్చోబెట్టి సూప్ పోసిన మనిషి. రూలోని ఛీ కొట్టాలి, తలుపు మూసెయ్యాలి. ఓస్మర్ ఆ రెండు పనులూ చేశాడు, చేయలేదని ఎవరూ అనలేరు. కానీ వెంటనే చేయలేదు. అంతకుముందు ఒక్క క్షణం, ఒక్క గోలే కదా తేడా, పాపం ఆ ముసలావిడ ఎలాగూ ఎవర్నీ గుర్తుపట్టదు కదా అని అతనికీ అనిపించింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. పక్కన నిలబడ్డ పాంచా అతని ముఖంలోకి చూసింది. చూసి, ఒక అడుగు వెనక్కి వేసింది.