నా పేరు మీద పదిహేను కిలోలు

"ఒంటి మీద ఉన్నదానికి తూకం లేదు. రెండు చీరలు ఒకదాని మీద ఒకటి కట్టుకో, ఇంకో రెండు హ్యాండ్‌బ్యాగులో కుక్కుకో. వెళ్లి రావడానికి చాల్లే" అన్నాడు మా ఆయన భవానీప్రసాద్, కాటా మీంచి సూట్‌కేసు దింపుతూ.

అది మే నెల. జగ్గయ్యపేటలో మే నెలంటే ఒక్క చీర కట్టుకుని వంటింట్లో నిలబడటమే గగనం. రెండు కట్టుకోమన్న మనిషి మాత్రం బనీనుతో ఉన్నాడు, టేబుల్ ఫ్యాన్ తనవైపే తిప్పుకున్నాడు. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు.

మా ఆడబిడ్డ యామిని ఢిల్లీలో ఫ్లాట్ కొనుక్కుంది. గృహప్రవేశానికి ఆయన, మా అత్తయ్య తాయారు, నేను బయల్దేరుతున్నాం. అదీ విమానంలో. శంషాబాద్‌లో కొత్త ఎయిర్‌పోర్టు తెరిచిన ఏడాది అది. ఏసీ రైలు టికెట్టుకి ఇంకాస్త వేస్తే విమానమే ఎక్కొచ్చని ఊళ్లో అందరూ చెప్పుకుంటున్న రోజులు. మా ఇంట్లో అంతకు ముందు ఎవరూ ఎక్కలేదు. మా అమ్మాయి నీహారిక విజయవాడ హాస్టల్లో ఉండి, "అమ్మా, కిటికీ పక్కన కూర్చో, మేఘాలెలా ఉన్నాయో నాకు చెప్పాలి" అని ఫోన్లో ఒకటే గొడవ.

టికెట్ల ఏజెంటు చెప్పిన మాట ఆయన ఇంటికొచ్చి చెప్పాడు. "టికెట్ చవకే గానీ సామాన్లు మనిషికి పదిహేను కిలోలేనట. ఆ పైన కిలోకింత అని గుంజుతారట. అలా కట్టుకుంటూ పోతే టికెట్టుని మించిపోద్దంట. దొంగ వెధవలు!" ఆ మాటలో ఆయనకి వినిపించింది 'పదిహేను కిలోలే' అన్నది. నాకు వినిపించింది 'మనిషికి' అన్నది. మనిషికి పదిహేను. అంటే నాకూ పదిహేను. నా పేరు ఏదో కంప్యూటర్లో ఎక్కి, దాని పక్కన నాకంటూ ఇంత బరువని రాసిపెట్టి ఉందన్నమాట. చారు దింపి పొయ్యి దగ్గరే నిలబడిపోయాను. నన్నెప్పుడూ చూడని మనుషులు, ఎక్కడో కూర్చుని, నాకు కూడా సామాన్లుంటాయని ఎలా అనుకున్నారా అని ఆశ్చర్యమేసింది.

ఎందుకంటే నాకెప్పుడూ సామాన్లు లేవు. తొంభైల్లో పెళ్లై ఈ ఇంటికొచ్చాక తిరుపతి వెళ్లినా, శ్రీశైలం వెళ్లినా, యామిని కాన్పుకి వెళ్లినా పెట్టెలన్నీ సర్దింది నేనే, మోసింది నేనే. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక తోలు పర్సు, అంతే. అన్ని పెట్టెల్లోనూ నాదంటూ ఒక్క పెట్టె ఉండేది కాదు. "నీ చీరలు మెత్తగా ఉంటాయి, జాడీల మధ్యన పెట్టు, ఒరుసుకోకుండా ఉంటాయి" అనేది అత్తయ్య. ఆవకాయ జాడీకి నా వెంకటగిరి చీర, నెయ్యి సీసాకి నా పెళ్లినాటి పట్టుచీర. దిగాక జాడీలు భద్రంగా ఉన్నాయా లేదా అని చూసేవాళ్లే గానీ, చీర సంగతి అడిగినవాళ్లు లేరు. ఎవరింట్లో పెళ్లికి వెళ్లినా నా కొంగులోంచి ఇంగువ నూనె వాసన వచ్చేది. "వంటింట్లోంచి అలాగే వచ్చేశావా ఏంటి వదినా" అని ఒకసారి ఎవరో నవ్వితే, మా ఆయన కూడా వాళ్లతో కలిసి నవ్వాడు.

ఈ పదిహేను కిలోల సంగతి నందిగామ ఫోన్ చేసి మా అమ్మ ప్రమీలారాణికి చెప్పాను. ఏదో పెద్ద శుభవార్త చెప్పినట్టే చెప్పాను. రెండో రోజు పొద్దున్నే బస్సులో దిగింది, చేతిలో ఎర్రటి చిన్న పెట్టెతో. కొత్తది. లోపల పూల గుడ్డ వేసి ఉంది. "నీ బట్టలు మాత్రమే పెట్టుకో అమ్మాయ్. ఆ పెట్టెలో ఇంకేం పెట్టనని నాకు మాటివ్వు" అంది. ఇచ్చాను. ఆ మధ్యాహ్నం అందరూ పడుకున్నాక నా చీరలు మడతపెట్టి అందులో పెట్టుకున్నాను. నా దువ్వెన, నా పౌడరు డబ్బా, చదవాలని కొని చదవని పుస్తకం, మెత్తటి చెప్పుల జత. మూత వేసి, మళ్లీ తీసి చూసుకుని, మళ్లీ వేశాను. పెట్టెలో నేనే ఉన్నట్టనిపించింది.

అప్పుడొచ్చింది రాయి.

మా అత్తగారి పుట్టింటి ఆచారం ఒకటుంది. ఆడపిల్ల సొంతింట్లో అడుగుపెట్టేటప్పుడు పుట్టింటి సన్నికల్లు ముందు వెళ్లాలి. కొత్తది పనికిరాదు, వాడకంలో ఉన్నదే పంపాలి. "ఆ రాయి మీద నూరిన పచ్చడి మొదటి ముద్దలో తింటే ఆ ఇల్లు నిలబడుద్ది" అంటుంది ఆవిడ. వాడకంలో ఉన్న రాయి అంటే నా రాయే. మిక్సీ ఉన్నా ఆయనకి రోజూ పచ్చడి రాతి మీదే నూరాలి, లేకపోతే ముద్ద దిగదు. ఇన్నేళ్లుగా నా అరచేతులు నున్నగా అరగదీసిన రాయి అది. రాయీ పొత్రమూ గోతంలో చుట్టి కాటా మీద పెడితే, గోతం బరువు పోను సరిగ్గా పదిహేనుకి వచ్చాయి. "చూశావా, నీ కోటాకి అతికినట్టు సరిపోయింది" అని ఆయన మురిసిపోయాడు. నా ఎర్ర పెట్టె కేసి చూసి, "దీనికి చోటెక్కడ? ఇంట్లో పెట్టెయ్" అన్నాడు. రెండు చీరలు కట్టుకోమన్నది అప్పుడే.

అంటే నా పేరు మీద ఆకాశంలో ఎగరబోయేది రాయి.

ఇక్కడ మా ఆయన తూకం గురించి చెప్పాలి. మాది మిరపకాయల హోల్‌సేల్ వ్యాపారం. రైతు తెచ్చిన బస్తా కాటా మీద పెట్టగానే గోతం తరుగు తీసేస్తారు. లెక్క సరుకుకే, గోతానికి కాదు. తాతల నాటి నుంచీ అంతే. అందుకని ఆయన ముందు ఖాళీ సూట్‌కేసు తూచి, ఆ బరువు తీసేసి, లోపల సరుకు పదిహేను కిలోలు నింపాడు. అత్తయ్య సూట్‌కేసుకీ అదే లెక్క. రాతిబస్తాకీ అదే. "పెట్టె బరువు తీసెయ్యొచ్చంటారా?" అని అడిగాను. "ఎక్కడైనా గోతానికి డబ్బులు కడతారా? వ్యాపారం నువ్వు నాకు నేర్పుతావా?" అన్నాడు. నిజమే, ఆ ఇంట్లో గోతం సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఆవకాయ కలిపేది నేను, "మా అమ్మ చేతి ఆవకాయండీ" అని ఆయన చెప్పే పేరు అత్తయ్యకి. ఆయన ఊళ్లో లేనప్పుడు కొట్టు ఫోన్లన్నీ మాట్లాడేది నేను, ఎవరైనా అడిగితే "మా ఆవిడా? ఇంట్లో ఖాళీగానే ఉంటది" అంటాడు. అన్నీ పట్టి ఉంచుతాను, తూకం వేసేటప్పుడు మాత్రం నన్ను తీసేస్తారు.

బయల్దేరే రోజు ఎర్ర పెట్టె నేనే తీసుకెళ్లి కారు డిక్కీలో రాతిబస్తా పక్కన పెట్టాను. "మళ్లీ ఇదెందుకు?" అన్నాడు. "కారుకి తూకం లేదుగా, రానివ్వండి" అన్నాను. డ్రైవరు శాంతయ్య వెనక్కి తెచ్చేస్తాడులే అని ఆయన ఊరుకున్నాడు. గరికపాడు దాటి నల్గొండ జిల్లాలో పడేసరికే లోపలి చీర చెమటకి ఒంటికి అతుక్కుపోయింది. దాని మీద ఇంకో చీర, రెండు కొంగులూ చుట్టుకుని కూర్చున్నాను.

ఎయిర్‌పోర్టు లోపలికి వెళ్లగానే నేను చెమట సంగతి మర్చిపోయాను. అంత ఎత్తు కప్పు నేనెక్కడా చూడలేదు. నేల మీద నా నీడ కనిపిస్తోంది. అంతకంటే వింత, అక్కడి జనం. కౌంటర్ల ముందు ఎక్కడ చూసినా పెట్టెలు తెరుచుకుని ఉన్నాయి. సూటు వేసుకున్న పెద్దమనిషి మోకాళ్ల మీద కూర్చుని బూట్లు తీసి బ్యాగులో పెడుతున్నాడు. ఎవరో ఉద్యోగం చేసే పిల్ల, ఆ ఎండల్లో స్వెట్టరు మీద కోటు తొడుక్కుంటోంది. ఒక కుటుంబం మొత్తం నేల మీద చేరి, ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి అని తర్జనభర్జన పడుతోంది. రెండు చీరలు కట్టుకున్నది నేనొక్కదాన్నే కాదన్నమాట. మనుషులంతా తమకేం కావాలో ఇలా నడివీధిలో తేల్చుకోవడం చూస్తుంటే, ఏదో గుళ్లోకి వచ్చినట్టు ఒళ్లు గగుర్పొడిచింది.

మా వంతు వచ్చింది. ఆయన సూట్‌కేసు బెల్టు మీద పెట్టగానే ఎర్రటి అంకెలు వెలిగాయి. "సర్, ఎక్కువుందండి" అంది కౌంటర్లో అమ్మాయి. అత్తయ్యదీ అంతే.

"పెట్టె తరుగు తీసెయ్యమ్మా. సరుకు సరిగ్గా పదిహేనే" అన్నాడు ఆయన ధీమాగా.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. "తరుగేంటి సర్?"

"అదే, ఖాళీ పెట్టె బరువు. అది లెక్కలోకి రాదుగా!"

"వస్తుందండి. పెట్టెతో సహా తూకం."

"అదేం లెక్క? ఎక్కడైనా గోతం బరువు తీసేస్తారు!"

"ఇక్కడ తీసెయ్యరు సర్."

వెనక లైన్లో ఎవరో నవ్వారు. నేను నవ్వలేదు. నోరు తెరుచుకుని ఆ కాటా కేసి చూస్తున్నాను. ఏదీ తీసెయ్యని కాటా. మోసేదాన్ని కూడా కలిపి తూచే కాటా ఒకటి లోకంలో ఉందని నాకు ఇన్నేళ్లొచ్చేదాకా తెలియలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. చెమటనుకుంటారులే అని తుడుచుకోలేదు.

"నీరజగారెవరండీ?" అంది ఆ అమ్మాయి.

నన్నే. ఆ అమ్మాయికి నా పేరు తెలుసు.

"మీ టికెట్లు విడివిడిగా తీశారు కాబట్టి ఎవరి బరువు వాళ్లదే. మీ పేరు మీద ఏది వెయ్యమంటారు?"

"ఆ బస్తా వెయ్యమ్మా" అన్నాడు ఆయన.

ఆ అమ్మాయి ఆయన వైపు చూడలేదు. నా సమాధానం కోసం ఆగింది. నాకోసం ఒక మనిషి ఆగడం! ట్రాలీ అడుగున ఎర్ర పెట్టె ఉంది. సామాన్లన్నీ ఎక్కించింది నేనే కదా, అది కూడా ఎక్కించాను. వంగి తీసి బెల్టు మీద పెట్టాను. అంకెలు వెలిగాయి. పదిహేను కాదు, అందులో సగం కూడా లేదు. నా బతుక్కి కావాల్సింది అంతేనా అని నాకే ఆశ్చర్యమేసింది. ఆ అమ్మాయి దానికి నా పేరున్న కాగితం చుట్టింది. బెల్టు కదిలింది. ఎవరూ మొయ్యకుండా, ఎవరి తల మీదా చేతుల మీదా ఎక్కకుండా, నా పెట్టె దానంతట అది నడిచి గోడ అవతలకి వెళ్లిపోయింది.

"ఏంటది? మరి రాయో?" ఆయన గొంతు పెరిగింది.

"డబ్బు కట్టండి. లేకపోతే శాంతయ్యకిచ్చి పంపెయ్యండి" అన్నాను.

"రాయికి డబ్బు కట్టాలా!"

అత్తయ్య నన్ను కసురుతుందని ఎదురుచూశాను. ఆవిడ కౌంటరు దగ్గరికి వెళ్లి, అమ్మాయిని మెల్లగా అడిగింది. "నాకూ వేరే పదిహేనున్నాయా అమ్మా? నా ఒక్కదానికే?"

"ఉన్నాయండి."

ఆవిడ అంకెలు వెలిగే చోటికేసి చూసింది. ఆ మొహం నాకు తెలుసు. చారు దింపి పొయ్యి దగ్గర నిలబడ్డ రోజు నా మొహం కూడా అలాగే ఉండి ఉంటుంది.

"అయితే నా పేరు మీద రాయి వెయ్యి. గోతం విప్పేస్తే సరిపోద్ది. అది నా కూతురికి" అంది. "ప్రసాదూ, నా పేరున తెచ్చిన ఆ రెండో పెట్టెలో నావి రెండు చీరలే ఉన్నాయి, సంచిలో పెట్టుకుంటాలే. మిగతావి నీ బట్టలూ పచ్చళ్లూ. నీవి నువ్వు చూసుకో."

ఆయన రెండు సూట్‌కేసులూ నేల మీదకి దింపి తెరిచాడు. నావైపు తిరిగాడు. "నిలబడి చూస్తావేంటి? కూర్చుని సర్దు!"

రెండు సూట్‌కేసులు నేల మీద తెరిచి ఉన్నాయి. నా మోకాళ్లు అలవాటుగా వంగబోయాయి కూడా. ఆపుకున్నాను.

"మీరు సర్దండి" అన్నాను.

గొంతు పెంచలేదు. ఉప్పు అందించండి అన్నట్టే అన్నాను. జనమంతా ఎవరి పెట్టె వాళ్లు సర్దుకుంటున్నారు, ఆయన కూడా కూర్చోక తప్పలేదు. జీవితంలో మొదటిసారి మా ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఆవకాయ జాడీ చేతిలో పట్టుకున్నాడు. అటు పెట్టాడు, ఇటు పెట్టాడు. నెయ్యి సీసాకి తగిలి టంగుమంది.

"దీని చుట్టూ ఏం పెడతావు నువ్వు?"

"నా చీరలు."

"మరి ఇవ్వు!"

"నా పెట్టెలో వెళ్లిపోయాయండీ."

ఆయన తన తెల్ల చొక్కాలు తీశాడు. వాటికేసి ఒకసారి, జాడీకేసి ఒకసారి చూశాడు. చివరికి చొక్కానే చుట్టాడు. పదిహేనుకి మించిన పచ్చళ్లూ బట్టలూ రెండో పెట్టెలో వేసి, బయట శాంతయ్యకిచ్చి వచ్చాడు. ఇంకా సఫారీ ఒకటి మిగిలిపోతే, "ఒంటి మీద ఉన్నదానికి తూకం లేదు" అని గుర్తుచేశాను. పళ్లు నూరుతూనే ప్యాంటు చొక్కాల మీద తొడుక్కున్నాడు. నేను ఆడవాళ్ల గదికి వెళ్లి పై చీర విప్పి, మడతపెట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. ఏసీ గాలి ఒంటికి తగిలితే ప్రాణం లేచొచ్చింది.

విమానం పరుగెత్తింది. కిటికీ పక్కన నేను, నా పక్కన అత్తయ్య, ఆవిడ పక్కన సఫారీలో ఉడికిపోతూ ఆయన. ముందు భయమేసింది. తర్వాత నేల జారిపోయింది. ఇళ్లూ రోడ్లూ గుట్టలూ అరచేతిలో పట్టేంతయ్యాయి. ఇన్ని పెట్టెల్ని, ఇంతమందిని, తన ఇనప ఒంటిని కూడా కలుపుకుని, దేన్నీ తరుగు తీసెయ్యకుండా అది పైకి లేచింది. మేఘాల పైకి వచ్చేసరికి వెలుగు. నీహారికకి ఏమని చెప్పను? ఒళ్లో నా చేతులు ఖాళీగా ఉన్నాయి. వాటికేసి కూడా చాలాసేపు చూశాను.

అత్తయ్య నా మీదుగా కిటికీలోంచి తొంగి చూసి, చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా అడిగింది.

"నీరజా, వచ్చేటప్పుడు కూడా మనకి కిలోలుంటాయా?"

"ఉంటాయి అత్తయ్యా" అన్నాను. "వచ్చేటప్పుడు రాయి కూడా ఉండదు."