మొదటి దెబ్బ పడని గది

మరిడి పాటలో తాళం మొదటి దెబ్బ పడాల్సిన చోట ఒక గది ఉంది. పెద్దదేం కాదు. గచ్చు నేల, సముద్రం వైపు ఒక కిటికీ, గోడవారగా ఒక బెంచీ. ఆ దెబ్బ వంతు వచ్చినప్పుడల్లా తలుపు తెరుచుకుంటుంది, తర్వాతి దెబ్బకి మూసుకుంటుంది.

ఎల్లాజీ ఆ పాటని ఆటో మైకులో పెట్టి విశాఖ పాతూళ్లో తిరుగుతున్నాడు. తలుపు తెరుచుకోవడం అద్దంలో కనిపిస్తూనే ఉంది గానీ, లోపల ఏముందో చూసే తీరిక ఆయనకి లేదు. ఒకప్పుడు రిక్షాకి గొట్టం మైకు కట్టుకుని సినిమాలకి జనాన్ని పిలిచేవాడు. పక్కన భార్య అప్పయ్యమ్మ గులాబీ రంగు కరపత్రాలు విసిరేది, వాటికోసం వీధి పిల్లలంతా ఎగబడేవారు. హాళ్లు ఒక్కొక్కటే మూతబడ్డాయి. అప్పయ్యమ్మా పోయింది. అప్పట్నుంచీ, వెనక కంపెనీ గానీ ముందు పేరు గానీ లేని పాటగాళ్లకే మైకు పడతానని ఒట్టేసుకున్నాడు. ఒట్టుతో కడుపు నిండదని ఊరంతా చెప్పింది. ఊరి మాట వినేవాడైతే అసలు మైకెందుకు పట్టుకుంటాడు?

ఈ రోజు మరిడి వంతు. హార్బరులో వలలు బాగుచేసే ఇంటి పిల్ల. ఎప్పుడో ఒక ఓడ వంటవాడు ఎండుచేపలకి బదులుగా వాళ్ల నాన్నకి ఒక క్యాసెట్టు ఇచ్చిపోయాడు. అందులో ఉన్నవి జమైకా దీవి రెగే పాటలు. ఆ పాటల నడకే వేరు, అందరూ బలంగా కొట్టే మొదటి దెబ్బని అవి ఖాళీగా వదిలేస్తాయి. మరిడి ఆ నడక పట్టుకుని వలల మీదా, తిరిగిరాని పడవల మీదా తెలుగులో పాటలు కట్టుకుంది. ఈ సాయంత్రం జెట్టీ పక్క ఇసుకలో తొలి కచేరీ. జనం రాకపోతే గిటారు అటకెక్కించి రేపే రొయ్యల కంపెనీలో చేరతానని తల్లికి మాటిచ్చింది. మరిడి మాటంటే మాటే, ఎల్లాజీ బెంగంతా అదే.

కోటవీధి ఈ మధ్యాహ్నం మామూలు కంటే పొడుగ్గా ఉంది. పాట సాగినకొద్దీ అదీ సాగుతోంది. ఎప్పుడో కూల్చేసిన ఇళ్లు తమ తమ స్థలాల్లోకి వచ్చి నిలబడుతున్నాయి. అరుగుల మీద అప్పటి మనుషులే, చేతుల్లో అప్పటి సినిమా టికెట్లే. వాళ్లు లేచి, చెప్పులు వేసుకుని, గది గుమ్మం దాకా వస్తున్నారు. లోపలికి తొంగిచూసి, నొచ్చుకున్న మొహాలతో వెనక్కి పోతున్నారు.

ఎల్లాజీ ఇంకా గట్టిగా పిలుస్తాడు. మైకు పట్టినవాడు క్షణం ఊరుకోకూడదన్నది గురువు నేర్పిన మొదటి పాఠం. పాటలో సందు దొరికితే చాలు, 'రండి బాబూ రండి' అని దూర్చేయాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నమ్మి బతికిన మనిషి. ఈ పాటలో సందులకి కొదవేముంది, ఆయన కేకలకీ కొదవ లేదు.

వెనక సీట్లో మరిడి, అప్పయ్యమ్మలాగే ఓ కాలు బయటికి వేలాడేసి, కరపత్రాలు విసురుతోంది. అవి నేల వాలడం లేదు. గాల్లో కాసేపు ఆలోచించి తిరిగి ఆమె ఒళ్లోకే వస్తున్నాయి.

"తాతా, ఆ గదిలోకి ఒకసారి సూడు," అంటుంది చివరికి.

ఆయన ఆటో ఆపి వెనక్కి తిరుగుతాడు. బెంచీ నిండా ఆయన కేకలే కూర్చుని ఉన్నాయి. కొన్ని కాళ్లు బార్లా చాపుకున్నాయి, కొన్ని ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, కిటికీలో రెండు ఇరుక్కున్నాయి. పిలవని పేరంటానికి వచ్చి, పోవడం మరిచినట్టున్నాయి. వాటి మధ్య, మూలకి ఒదిగి, ఒళ్లో గులాబీ కాగితాలతో అప్పయ్యమ్మ కూర్చుని ఉంది. అదే నీలం చీర, చెమటకి పక్కకి జరిగిన అదే బొట్టు.

ఎల్లాజీ ఆమెని పేరు పెట్టి పిలవబోయి, అలవాటుగా మైకు నోటి దగ్గర పెట్టుకుంటాడు.

"అందులో పిలవకు," అంటుంది అప్పయ్యమ్మ. "ఇక్కడంతా నీ గొంతే ఉంది. వొచ్చినోల్లు ఎక్కడ కూకుంటారు?"

"పిలవకపోతే ఎలాగొస్తారే?"

"వొచ్చి ఎల్లిపోతన్నారు. నువ్వూ సూసినావు కదా."

మరిడి కూడా నెమ్మదిగా అదే చెబుతుంది. ఆ దెబ్బ మరిచిపోయి వదిలింది కాదట, మనిషి వచ్చి కూర్చుంటాడని వదిలిందట. తాత మనసు కష్టపెట్టుకుంటాడని పొద్దుట్నుంచీ నోరు విప్పలేదట.

ఎల్లాజీకి ముందు కోపం వస్తుంది, తర్వాత సిగ్గు, ఆ వెనకే దుఃఖం. పెళ్లయిన కొత్తలో అప్పయ్యమ్మ ఒకే ఒక్కటి అడిగింది. రిక్షా ఒడ్డున ఆపి, కాసేపు ఏమీ మాట్లాడకుండా తన పక్కన కూర్చోమంది. కూర్చున్నాడు. కూర్చుని, మర్నాటి సినిమా ప్రచారం సాధన చేశాడు.

జెట్టీ చేరేసరికి సాయంత్రమవుతుంది. ఇసుకలో ఒక్క మనిషి లేడు. మరిడి గిటారు తగిలించుకుని, ఖాళీ ఇసుకకి దండం పెట్టి పాట ఎత్తుకుంటుంది. తలుపు తెరుచుకుంటుంది. ఎల్లాజీ నాలిక కొసన 'రండి' వచ్చి నిలబడుతుంది. ఆయన దాన్ని మింగేస్తాడు. ఉప్పగా ఉంటుంది. మళ్లీ తలుపు, మళ్లీ మింగడం. మింగిన ప్రతిసారీ బెంచీ మీది కేక ఒకటి లేచి, ఒళ్లు దులుపుకుని, కిటికీలోంచి దిగి పోతుంది.

అప్పుడు కోటవీధి మొత్తం వస్తుంది. అరుగులవాళ్లు, టికెట్లవాళ్లు, కరపత్రాల కోసం ఎగబడిన పిల్లలు అదే వయసుతో. వాళ్ల వెనక ఇప్పటి హార్బరు జనం, చేపల బుట్టలు దించుకుంటూ, ఎవరు పిలిచారని ఒకరినొకరు అడుగుతూ. వచ్చినకొద్దీ గది వెడల్పవుతుంది. మరిడి తల్లి ముందు వరసలో కూర్చుని, కొంగుముడి విప్పి, కూతురిచ్చిన మాటని ఇసుకలో వదిలేస్తుంది. అది పీతలా పక్కకి నడుచుకుంటూ పోతుంది.

పొద్దు వాలుతుంటే కొండ మీది లైటుహౌసు మెట్లు దిగి వస్తుంది. సినిమా హాల్లో టార్చి పట్టుకుని సీట్లు చూపించే మనిషిలా నడుం వంచి, ఆలస్యంగా వచ్చినవాళ్లకి దారి చూపిస్తుంది. దాని వెలుగు అప్పయ్యమ్మ పక్కనున్న జానెడు చోటు మీద ఆగుతుంది. ఎల్లాజీ మైకు ఇసుకలో పెట్టి, వెళ్లి కూర్చుంటాడు. ఆమె ఏమీ అనదు. ఆయనా అనడు.

అందరికంటే ఆలస్యంగా, కెరటాలు గుమ్మం బయట విడిచి సముద్రం వస్తుంది. లైటుహౌసు గదంతా వెతుకుతుంది, చోటు లేదు. టికెట్టు లేని చంటిపిల్లని కూర్చోబెట్టినట్టు సముద్రాన్ని ఎత్తి ఎల్లాజీ ఒళ్లో కూర్చోబెడుతుంది. రెండో చరణానికి అది నిద్రపోతుంది. అప్పయ్యమ్మ దాని మీద కొంగు కప్పుతుంది. ఎల్లాజీకి కాళ్లు తిమ్మిరెక్కుతాయి, అయినా కదలడు.